తప్పు మందుది కాదు, పండుది

సీతారామయ్య గారు కాగితం మీద ఒకటి అంకె వేసి, పక్కన ‘ద్రాక్ష’ అని రాసి, రాసింది పైకి చదివారు. వంటింటి గడప దగ్గర కూర్చుని కుక్క కోసం బొప్పాయి కోస్తున్న రుక్కమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ద్రాక్ష కొట్టెయ్యి సార్," అంది.

అన్నది ఆ ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, కుక్కను చూసుకునే మనిషి. అనిపించుకున్నది తోటల ఆఫీసరుగా ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి, రైతులకు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. తణుకు వైపు నుంచి వచ్చి కొండాపూర్‌లో ఇల్లు కట్టుకున్న ఆ కుటుంబానికి, ఆయన తోటల్లో రైతుల నోట విన్నదే అయినా, ఇంట్లో రుక్కమ్మ అందర్నీ ‘నువ్వు’ అనడం అలవాటు కావడానికే ఏడాది పట్టింది. ఇక్కడివాళ్ళ మాటే అంత, అందులో అగౌరవం ఏమీ లేదని పుణ్యవతి గారు భర్తకు సర్దిచెప్పీ సర్దిచెప్పీ అలిసిపోయింది. అయినా నువ్వు అనడం వేరు, రాసింది కొట్టెయ్యమనడం వేరు. ఆయన కళ్ళజోడు పైనుంచి ఓ చూపు చూశారు.

ఆ కాగితం ఎందుకు పుట్టిందో చెప్పాలి. వాళ్ళమ్మాయి సంయుక్త మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల టవర్‌లో ప్రోగ్రామరు. ఆ ఆఫీసులో కుక్కల్ని పెంచే సరదా ఉన్నవాళ్ళు ఓ పదిహేను మంది పోగయ్యారు. కుక్కల్ని కొనడమైతే కొన్నారు గానీ వాటికి ఏం పెట్టాలో ఒక్కరికీ తెలియదు. తొంభై తొమ్మిది మార్చి, ఎండలు ముదురుతున్నాయి. పండ్లు పెట్టొచ్చా, ఏవి పెట్టొచ్చు అని వాళ్ళు తలలు బాదుకుంటుంటే, మా నాన్నగారు తోటల ఆఫీసరు, ఆయనతో రాయిస్తానని సంయుక్త గొప్పగా మాటిచ్చి వచ్చింది. ఆయన రాసిస్తే తను కంప్యూటర్ మీద కొట్టి, జిరాక్సులు తీసి ఆఫీసులోనూ తమ కాలనీలోనూ పంచుతుంది.

నిజం చెప్పాలంటే ఆ కాగితంలో సగం రుక్కమ్మదే. వాళ్ళ తెల్ల పొమరేనియన్ డాలీకి రెండేళ్ళుగా పండు పెట్టే చెయ్యి ఆమెదే కదా. పుచ్చకాయైతే గింజలన్నీ ఏరి, తొక్క తీసి ఎర్ర ముక్క మాత్రమే పెట్టేది. మామిడైతే కండ వరకే, టెంక వాసన కూడా చూడనిచ్చేది కాదు. టెంక పేగులో ఇరుక్కుని ఓ కుక్క పడ్డ నరకం ఆమె కళ్ళారా చూసింది. ఆపిల్‌కు నడుమ గింజల భాగం కోసి పారేసేది. అరటిపండు సగమే, అదీ అన్నం తిన్నాక. సీతాఫలం అసలు ముట్టించేది కాదు. ఆ గింజలు నూరి పేలమందు చేస్తారు, పేలను చంపేది కుక్క కడుపులో పడితే ఊరుకుంటుందా అని అడిగేది. ఇవన్నీ సీతారామయ్య గారు ముందురోజే తలూపుతూ చిత్తుగా రాసుకున్నారు. చదువులేకపోయినా బుర్ర ఉన్న మనిషివి రుక్కమ్మా అని మెచ్చుకున్నారు కూడా. తీరా ద్రాక్ష దగ్గరికొచ్చేసరికి ఆ బుర్ర ఆయనకు కనబడలేదు.

ఎందుకంటే ద్రాక్ష ఆయన ప్రాణం. ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల అనాబేషాహి రకం ద్రాక్షతోటలు వేయించడంలోనే గడిచింది. తోటలన్నీ ప్లాట్లయిపోయినా తన పెరట్లో ఓ తీగ నాటి, పందిరి వేసి, పిల్లలా పెంచుకున్నారు. ఆ పందిరికి ఏనాడూ చుక్క పురుగుమందు కొట్టలేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. అలాంటి పండును ఎవరైనా ఒక్క మాటంటే ఆయనకు ఒళ్ళు మండదూ?

"నీ భయం నాకర్థమైంది రుక్కమ్మా," అన్నారు నవ్వుతూ. "తోటల్లో ద్రాక్షకు మందు ఎక్కువ కొడతారు. ఆ మందే కుక్కకు చేటు. ఉప్పునీళ్ళలో మూడుసార్లు కడిగి పెట్టమని రాస్తున్నాగా."

"మందు కాదు సార్. పండే."

ఆ మాట ఆమె గొంతులోంచి ఎలా వచ్చిందంటే, పూజగదిలో ఉన్న పుణ్యవతి గారు కూడా తొంగిచూసింది. పనిమనిషికి ఇంత పంతమేమిటని ఆయన అనుకున్నారు. అది పంతం కాదు. పన్నెండేళ్ళుగా గుండెలో నిప్పులా పెట్టుకుని తిరుగుతున్న మాట.

పన్నెండేళ్ళ కిందట రుక్కమ్మ భర్త పోచయ్య, లింగమూర్తి పటేలు ద్రాక్షతోటలో మందు కొట్టేవాడు. వీపున పంపు మోసుకుని తీగ తీగకూ తిరిగే పని. పోచయ్య కొలత అంటే కొలతే. మందు కలిపిన రోజు కల్లు ముట్టడు, స్నానం చెయ్యందే అన్నం ముట్టడు, ఇంట్లోకి వచ్చి పిల్లాడు చిన్నును ఎత్తుకోడు. కోతకు నెల రోజుల ముందు పంపు కడిగి గోడకు తగిలించేవాడు. ఆ ఏడాది పంట విరగకాసింది. లింగమూర్తి ఆ సంబరంలో తొలికోత గంపలోంచి దోసిళ్ళతో తీసి తన పెంపుడు కుక్క ముందు పోశాడు. వేలు పోసి తెప్పించుకున్న అల్సేషన్ అది. అది ఆబగా తింది. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. నాలుగోనాడు చచ్చింది.

లింగమూర్తి తోటకొచ్చి కూలీలందర్నీ నిలబెట్టాడు. పోచయ్యను ముందుకు పిలిచి, నా కుక్కను చంపింది నీ మందేరా అని చెంప పగలగొట్టాడు. నెల రోజులైంది పటేలా మందు ముట్టి అని పోచయ్య మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? ఆనాటి నుంచి చుట్టుపక్కల ఏ తోటా అతణ్ణి గేటు దాటనివ్వలేదు. ఊళ్ళో పిల్లలు సైతం ‘కుక్కను సంపిన పోచడు’ అని పిలిచేవాళ్ళు. రాళ్ళు మోసే పనికి పోయాడు. మనిషి మాట తగ్గిపోయింది. ఎవరూ అడక్కపోయినా అరుగు మీద కూర్చుని, ఆఖరిసారి మందు కొట్టిన నాటినుంచి కోతనాటి వరకు రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు. లెక్క ప్రతిసారీ ముప్పై ఒకటే వచ్చేది. ఆరేళ్ళ తర్వాత ఆ నిందతోనే పోయాడు.

రుక్కమ్మ ఏడ్చి ఊరుకునే రకం కాదు. కోతల కాలంలో కూలికి పోయిన ప్రతి తోటలోనూ కుక్కల మీదే కన్నేసి ఉంచింది. రాలిన పండు తిని జబ్బుపడ్డ కుక్కలు మూడు కనిపించాయి. వాటిలో ఒకటి తిన్నది ఇంటిముందు తీగది, దానికి మందు వాసనే తెలియదు. వినాయకుడి ప్రసాదంలో కిస్మిస్ ఏరుకు తిన్న ఒక కుక్కపిల్ల కూడా అదే దారిన పోయింది. అయితే తిని నిక్షేపంగా తిరిగిన కుక్కలూ ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆమె ఈ సంగతి ఎవరికి చెప్పినా, మరి ఫలానా వాళ్ళ కుక్క రోజూ తింటోంది కదా అని నవ్వేసేవాళ్ళు.

సీతారామయ్య గారూ సరిగ్గా అదే అడిగారు. తిన్న కుక్కలన్నీ చచ్చాయా అన్నారు. లేదంది. మరి అలాంటప్పుడు పండుది తప్పెలా అవుతుంది, కొన్నిటి మీద మందు ఎక్కువ పడి ఉంటుంది, లెక్క సరిపోయింది కదా అన్నారు. చదువుకున్నవాళ్ళతో వచ్చిన తంటా ఇదే. వాళ్ళ లెక్క ఎప్పుడూ సరిపోతుంది. అంతటితో ఆగక ఆయన పెరట్లోకి నడిచి, పందిరి నుంచి రెండు కాయలు తెంపి డాలీ నోటికి అందించారు. డాలీ తిని తోకాడించింది. ఇప్పుడేమంటావన్నట్టు చూసి, మూడో కాయ కూడా ఇచ్చారు. రుక్కమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి కుక్క నోట్లో వేలు పెట్టి ఆ కాయ బయటికి లాగేసింది.

సీతారామయ్య గారి మొహం కందగడ్డలా అయింది. భార్య ముందు, అదీ తన పందిరి కింద. రేపటి నుంచి డాలీ తిండి జోలికి నువ్వు రావద్దని ఖండితంగా చెప్పేశారు.

"రాను సార్. కానీ పందిరి కింద రాలిన కాయ నేనే ఊడుస్త. అది ఇల్లూడ్చే పనిలకే వస్తది," అంది రుక్కమ్మ.

అన్నట్టే పొద్దున వచ్చాక ఒకసారి, మధ్యాహ్నం పోయేముందు ఒకసారి పందిరి కింద చీపురు పట్టేది. చేతికందే ఎత్తులో ఉన్న గుత్తులకు, కాయ రాలకుండా పాత చీరముక్కలు కట్టేసింది. ఆయన విప్పేవారు, ఆమె మళ్ళీ కట్టేది. పుణ్యవతి గారు మధ్యలో నలిగిపోయి, పోనీ ఆ ఒక్క పండూ పెట్టకపోతే ఏం పోయిందండీ అని భర్తనడిగింది. పండు సంగతి కాదు పుణ్యవతీ, శాస్త్రం సంగతి అన్నారాయన. శాస్త్రమో మరొకటో గానీ, ఆయన మనసులో అసలు సంగతి అందరికీ తెలుస్తూనే ఉంది. తోటపనికి పోయిన కూలిమనిషి చెప్పిన మాట మీద తన చేత్తో తన ద్రాక్షను కొట్టేసుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఆదివారం రుక్కమ్మ పనికి రాదు. ఆ రోజు సీతారామయ్య గారు ఓ గిన్నెడు కాయలు కోశారు. ఉప్పునీళ్ళలో ఒకసారి, మంచినీళ్ళలో రెండుసార్లు, మొత్తం మూడుసార్లు కడిగారు. అంతటితో ఊరుకోక, కూర్చుని ఒక్కొక్క కాయకూ తొక్క ఒలిచారు. గింజలు తీశారు. పసిపిల్లలకు కూడా ఎవరూ అంత సేవ చెయ్యరు. గిన్నె డాలీ ముందు పెట్టి, నాకేసేదాకా పక్కనే నిలబడ్డారు. రేపు రుక్కమ్మ వస్తే చూపించాలని ఆయన సరదా.

సోమవారం పొద్దున రుక్కమ్మ వచ్చేసరికి డాలీ స్నానాల గది గచ్చు మీద వాలిపోయి ఉంది. పక్కన వాంతి. పిలిస్తే చెవి కూడా కదల్చలేదు. పుణ్యవతి గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. సంయుక్త ఆఫీసుకు ఫోన్ చేసి రానని చెబుతోంది. సీతారామయ్య గారు ఇంట్లో లేరు, పెరట్లో పందిరి కింద ఉన్నారు. ఏం పెట్టారని రుక్కమ్మ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు.

"నిన్నటిసంది ఉచ్చ పోసిందా బిడ్డా?" అని సంయుక్తనడిగింది.

తల్లీకూతుళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు. అసలు అది గమనించాల్సిన సంగతనే ఎవరికీ తోచలేదు. రుక్కమ్మ కుక్కను పాత దుప్పట్లో చుట్టి చంకనేసుకుని రోడ్డు మీదికి పోయి ఆటో ఆపింది. సంయుక్త చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెనకే ఎక్కింది. ఆఖరి నిమిషంలో సీతారామయ్య గారు వచ్చి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. కూకట్‌పల్లిలో కుక్కల డాక్టరు దాకా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

డాక్టర్ ఓంకార్ కుర్రవాడే గానీ నిదానస్తుడు. ముందు రక్తం తీసి పరీక్షకు పంపి, సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. ద్రాక్ష తిన్నదని సంయుక్త చెప్పగానే, అయితే పురుగుమందు అయ్యుంటుందన్నాడు. సీతారామయ్య గారు ఠక్కున తలూపారు. తన పందిరికి మందు కొట్టలేదని ఊరందరికీ చెప్పుకునే మనిషి, ఆ క్షణాన ఒక్క మాటైనా అనకుండా తలూపారు. 

రుక్కమ్మ బల్ల దగ్గరికి జరిగి డాక్టరుకు నిమ్మళంగానే చెప్పింది. మందు కొట్టేవాడి పెళ్ళాన్ని, మందు లోపలికి పోయినవాళ్ళను చూసినదాన్ని, నా మాట జర ఇను సారూ అంది. మందు పోతే నోట్లోంచి సొంగ, నురగ కారతాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఈ కుక్కకు ఏదీ? నోరు ఎండిపోయి ఉంది. దీనికి ఉచ్చ బంద్ అయింది చూడు, పటేలు కుక్కకూ ఇట్లనే అయిందంది. డాక్టర్ టార్చిలైటు వేసి డాలీ కళ్ళు చూశాడు. నోరు తెరిచి చూశాడు. రక్తపరీక్ష కాగితం వచ్చాక దాన్ని రెండుసార్లు చదివాడు.

"కిడ్నీలకు దెబ్బ తగిలింది," అన్నాడు. "పురుగుమందు లక్షణాలు ఒక్కటీ లేవు. ద్రాక్షతో ఇట్ల అయితదని నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. కానీ ఆమె చెప్తున్నది తప్పని నేనైతే అనలేను."

ఐదు రోజులు డాలీని అక్కడే ఉంచి సెలైన్ ఎక్కించారు. రెండోనాడు మధ్యాహ్నం డాలీ ఉచ్చ పోసి దుప్పటి తడిసింది. రుక్కమ్మ ఆ తడి దుప్పటి పట్టుకుని బతికినవే తల్లీ అని గట్టిగా ఏడ్చేసింది. పన్నెండేళ్ళలో ఆమె ఎవరి ముందైనా ఏడవడం అదే మొదటిసారి. సంయుక్తకు విషయమేమిటో పూర్తిగా తెలియక, కుక్క మీద ప్రేమ అనుకుని ఆమె భుజం నిమిరింది.

ఆరోనాడు డాలీ ఇంటికొచ్చింది. చిక్కి సగమైనా, నాలుగు కాళ్ళ మీద నడిచి వచ్చింది. శనివారం కావడంతో అందరూ ఇంట్లోనే ఉన్నారు. సీతారామయ్య గారు వరండాలో కుర్చీ వేసుకుని కొత్త కాగితం తీశారు. ఐదు రోజులుగా ఆయన సరిగా భోజనం చెయ్యలేదు. రుక్కమ్మా, విను అని పిలిచి మరీ చదివారు. ద్రాక్షను మొదటి అంకె నుంచి తీసేశారు. అడుగున పెట్టకూడని వాటిలో చేర్చి, పురుగుమందు అవశేషాల వల్ల ద్రాక్ష కుక్కలకు ప్రమాదకరం అని రాశారు.

ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంది. పుణ్యవతి గారు రుక్కమ్మకు కాఫీ కలిపి తెచ్చింది. సంయుక్త, సోమవారం టైపు చేసేస్తానంది. పెద్దాయన ఇంతమాత్రం దిగిరావడమే ఆ ఇంట్లో ఎన్నడూ ఎరగని వింత. రుక్కమ్మ కాఫీ తాగేసి, చల్లగా ఉండు సార్ అనేస్తే గొడవ వదిలిపోయేది. కుక్కలకు ద్రాక్ష పెట్టవద్దనే కదా ఆమె అడిగింది, అది దక్కింది. ఉద్యోగం నిలిచింది. పెద్దాయన పరువూ నిలిచింది. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఏ మందు సార్? ఎవలు కొట్టిన్రు?"

 గాలికి పక్క తోటల నుంచి ఏదో వచ్చి పడి ఉంటుందన్నారాయన. పక్క తోటలేవి నాన్నగారూ, చుట్టూ ప్లాట్లే కదా అని సంయుక్త అనేసింది. అయితే మట్టిలో ఉండి ఉంటుందన్నారు. మూడుసార్లు కడిగి, తొక్క తీసి పెట్టారుగా, ఇంకా ఎక్కడిదండీ అని పుణ్యవతి గారు మెల్లగా అంది. ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. పెట్టవద్దని రాశాను కదా, కారణం ఏదైతే నీకేం, నీక్కావలసింది అదే కదా అని రుక్కమ్మ మీద విరుచుకుపడ్డారు. ద్రాక్షలో విషముందని రాస్తే తోటి ఆఫీసర్లు నవ్విపోతారు, ఏ పుస్తకంలోనూ లేని మాట తన పేరుతో రాయలేనన్నారు.

"పుస్తకంల లేకుంటే డాలీ కడుపుల లేదా సార్?" అంది రుక్కమ్మ. "మందని రాస్తే చదివినోళ్ళు ఏం జేస్తరు? కడిగి పెడ్తరు. నువ్వు కడగలేదా?"

 రుక్కమ్మ అక్కడితో వదల్లేదు. అప్పుడు చెప్పింది, పన్నెండేళ్ళ నాటి తోట సంగతి, గంప సంగతి, చెంపదెబ్బ సంగతి, ముప్పై ఒక్క రోజుల లెక్క సంగతి. ఆ ఇంట్లో రెండేళ్ళుగా పనిచేస్తున్నా ఎవరికీ చెప్పని కథ.  

"కుక్క సచ్చిందంటే మందు, మందంటే మందు కొట్టినోడు. మా చిన్ను నాయిన పేరు పదిమందిల చెప్పిన్రు. ఇప్పుడు నువ్వు గూడ మందే అంటున్నవ్. మంచిది. పందిరి నీది. పండు కోసింది నువ్వు. మందు కొట్టినోని కాడ నీ పేరు రాయి. సీతారామయ్య కొట్టిన మందుకు కుక్క సావుదాక పోయిందని రాయి. రాస్తే నేను ఇగ నోరెత్త."

 పుణ్యవతి గారికి భర్త కోపం తెలుసు, ఇప్పుడు ఈ మనిషిని గెంటేస్తారనుకుంది. రుక్కమ్మకూ తెలుసు. చీపురు అప్పటికే గోడకు ఆనించి పెట్టింది. పొమ్మంటే పోవడానికి సిద్ధంగానే నిలబడింది గానీ, తల మాత్రం దించలేదు.

సీతారామయ్య గారు కలం తీసుకున్నారు. తన పేరులో మొదటి అక్షరం రాశారు, ఆగారు. ఆ పందిరికి తను మందు కొట్టలేదు. కొట్టానని రాయడం పచ్చి అబద్ధం. కొట్టనివాడి మీద ఆ మాట పడితే ఎలా ఉంటుందో, ఆ ఒక్క అక్షరం దగ్గర ఆయనకు మొదటిసారి తెలిసింది. కాగితం నాలుగు ముక్కలు చేసి కింద పడేశారు. పొరపాటు చేశాను రుక్కమ్మా అన్నారు. అంతకంటే పెద్ద క్షమాపణ ఆయన జన్మలో ఎవరికీ చెప్పి ఉండరు.

కొత్త కాగితం మీద చాలాసేపు రాశారు. రాసింది లేచి నిలబడి చదివారు. కుక్కలకు ద్రాక్ష పెట్టకూడదు, కిస్మిస్ కూడా పెట్టకూడదు. ఎంత కడిగినా, తొక్క తీసినా, మందు కొట్టని తీగదైనా పెట్టకూడదు. ఒక కుక్క తిని బాగానే ఉందని మరో కుక్కకు పెట్టకూడదు. కారణం నాకు తెలియదు. నా పందిరికి నేను మందు కొట్టలేదు, నా చేత్తో కడిగి పెట్టాను, మా కుక్క చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఇంతవరకు చదివి ఆగి, మీ ఆయన పేరేమిటని రుక్కమ్మను అడిగారు.

రుక్కమ్మ మొగుడి పేరు నోటితో పలికే మనిషి కాదు. ఇంతసేపూ పెద్దాయనను నిలేసిన నోరు కాస్తా మూతబడి, సిగ్గుతో కొంగు సవరించుకుంది. మా ఊరి బొడ్రాయికాడి తల్లి పేరే సార్, బోనాలెత్తే తల్లి పేరే అంది. ఎల్లమ్మా అని ఆయన అడిగితే అడ్డంగా తలూపింది. పోచమ్మ, అంటే పోచయ్యా అని సంయుక్త అందుకుంది. అలా దొరికిన పేరును ఆయన కాగితం మీద పెట్టి, ఆఖరి వాక్యం చదివారు. పన్నెండేళ్ళ కిందట లింగమూర్తి గారి ద్రాక్షతోటలో కుక్క చనిపోవడానికి మందు కారణం కాదు, మందు కొట్టిన పోచయ్య గారి తప్పు ఏమీ లేదు.

ఆ వాక్యం ఇంకోసారి చదవమంది రుక్కమ్మ. చదివారు. మూడోసారి అడగకుండానే చదివారు.

కుక్కల పండ్ల కాగితంలో ఈ చివరి మాట ఎందుకని సంయుక్త ఆఫీసులో ఎవరో అడిగారట. ఉండాలని సంయుక్త చెప్పి, అక్షరం పోకుండా టైపు కొట్టి, అరవై కాపీలు తీసి పంచింది. ఒక కాపీ రుక్కమ్మ అడిగి తీసుకుంది. చదువు రాని మనిషికి కాగితమెందుకని తమ వీధిలోనే ఉండే భాగ్యమ్మ నవ్వింది. రుక్కమ్మ దాన్ని మడతపెట్టకుండా, రెండు చేతులా పట్టుకుని, పట్టపగలు టవర్‌కు పోయే రోడ్డు మీద నడిచింది.

లింగమూర్తి ఇప్పుడు తోటల పటేలు కాదు. ఆ రోడ్డు పక్కనే ప్లాట్లు అమ్మే ఆఫీసు పెట్టుకున్నాడు. గోడ నిండా రంగురంగుల లేఅవుట్ పటాలు. కుర్చీల్లో టై కట్టుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, భార్యాభర్తలు, ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు కూర్చుని ఉన్నారు. రుక్కమ్మను ఆయన వెంటనే గుర్తుపట్టలేదు. ఏం కావాలమ్మా అన్నాడు. చదివి పెట్టు పటేలా, నాకు సదువు రాదంది. చదువురాని మనిషి ఏదో సర్కారు కాగితం తెచ్చుకుందనుకుని, నలుగురి ముందూ మంచి పేరొస్తుందని చదవడం మొదలుపెట్టాడు.

అరటిపండు, బొప్పాయి, పుచ్చకాయ అని చదువుతుంటే కుర్చీల్లోవాళ్ళు నవ్వుకున్నారు. ద్రాక్ష దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు నెమ్మదించింది. చివరి వాక్యంలో తన పేరు కనిపించగానే ఆగి, తలెత్తి ఆమెను చూశాడు. ఇప్పుడు గుర్తుపట్టాడు.

"సదువు పటేలా. ఆనాడు పదిమందిల అన్నవ్. ఇయ్యాల గూడ పదిమందున్నరు," అంది.

కాగితం వెనక్కి ఇవ్వబోయాడు. ఆమె చేతులు చాపలేదు. కుర్చీల్లో నవ్వు ఆగిపోయింది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. గబగబా, గొంతులోనే, మందు కొట్టిన పోచయ్య తప్పేమీ లేదు అని ముగించి కాగితం బల్ల మీద పెట్టేశాడు. అయిపోయిందా, ఇప్పుడు నన్నేం జెయ్యమంటవని అడిగాడు.

"‘గారు’ మింగినవ్ పటేలా," అంది రుక్కమ్మ. "అందుల పోచయ్య గారు అని ఉన్నది. నేనిన్న. మొదటిసంది మళ్ళ సదువు."

ఆ పేరు తన నోటితో పలికినట్టు ఆమెకు తెలియనే లేదు. లింగమూర్తి బల్ల మీది కాగితం తీసుకుని, మొదటి నుంచి మళ్ళీ చదివాడు.